రాత్రి మిగిలింది, పొద్దున ఏం చేద్దాం: దేనికి ఏ వంట నప్పుతుంది

మిగిలిన అన్నంతో ఏం చేయొచ్చు అని అడిగితే ఎవరైనా పులిహోర, ఫ్రైడ్ రైస్, దద్ధోజనం, అట్లు అని వరసగా చెప్పేస్తారు. ఇవాళ మన ఫ్రిజ్‌లో ఉన్న ఆ గిన్నెడు అన్నానికి వాటిలో ఏది నప్పుతుందన్న దగ్గరే చిక్కంతా. ముద్దయిన అన్నంతో పులిహోర కలిపితే గరిటె తిప్పినకొద్దీ ఇంకా ముద్దవుతుంది. పలుకుగా ఉన్న చల్లన్నంతో దద్ధోజనం చేస్తే పెరుగు ఒక దారి, మెతుకు ఒక దారి. వంట చేతకాక పాడయ్యేవి తక్కువ, ఎంపిక కుదరక పాడయ్యేవే ఎక్కువ.

అందుకే ఇక్కడ వంటల పట్టిక ఇవ్వడం లేదు. విజయవాడ, గుంటూరు ఇళ్ళల్లో మామూలుగా మిగిలేవి ఏమిటి, ఒక్కోదానికి ఉన్న రెండు మూడు దారుల్లో ఎప్పుడు ఏది మేలు, అదే చెప్తాను.

నేను చూసేవి మూడు. మిగిలినది ఎంత తడిగా ఉంది, ఎంత పులిసింది అన్నవి మొదటి రెండు. ఈ రెండూ వంట చేసే చాలామంది చూస్తూనే ఉంటారు. మూడోదాన్ని వదిలేస్తారు: ఆ వంటకి కొత్తగా ఏమేం తేవాలి? కప్పు కూరని వాడటానికి క్యాప్సికం, బఠాణీ ప్యాకెట్టు, పనీరు తెచ్చి, వాటిలో సగం సగం మళ్ళీ ఫ్రిజ్‌లోకి ఎక్కిస్తే మిగులు తగ్గలేదు, పెరిగింది. రెండు వంటల మధ్య తేల్చుకోలేనప్పుడు తాలింపు డబ్బా, ఉల్లిపాయ, చింతపండు, నిమ్మకాయ లాంటి ఎప్పుడూ ఉండేవాటితో అయిపోయేదాన్ని పట్టుకోండి. అందులోనూ ఒక్క పూటలో గిన్నె ఖాళీ అయ్యేదాన్ని.

ముందు తేల్చాల్సింది: వాడాలా, వద్దా

బ్యాక్టీరియా జోరుగా పెరిగేది 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య. వండిన తిండిని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. గది వేడి 32 డిగ్రీలు దాటితే ఆ రెండు గంటల్ని గంటకి కుదించుకోవాలి. విజయవాడలో మే నెల ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, రాత్రి పదింటికి కూడా వంటింటి గోడలు వేడిగానే ఉంటాయి. మార్చి నుంచి జూన్ దాకా మనకి గంట లెక్కే వర్తిస్తుంది. మిగతా నెలల్లోనూ వంటింటి వేడి 32 డిగ్రీలు దాటని రోజుల్లోనే రెండు గంటల లెక్క.

అన్నం దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంతోపాటే వస్తాయి, అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపు అవి మేలుకుని పెరుగుతాయి, విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడి చేస్తే పోయేది కాదు. కాబట్టి ‘బాగా వేయిస్తే సరిపోతుందిలే’ అన్న ధైర్యం రాత్రంతా బయట ఉన్న అన్నం విషయంలో పనికిరాదు. కుక్కర్ గిన్నెలో మూత పెట్టి వదిలేసిన అన్నం మధ్యలో చాలాసేపు వెచ్చగానే ఉంటుంది, ప్రమాదం అక్కడే. భోజనాలు కాగానే వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, ఫ్యాన్ కింద పావుగంట ఉంచి, వేడి పోగానే డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు ఏ వంట చేసినా దాని మంచిచెడ్డలు ఈ పావుగంటలోనే తేలిపోతాయి.

వాసన చూసి చెప్పేయొచ్చు అనేవాళ్ళ మాట సగమే నిజం. పప్పు, పాలు, కొబ్బరి పచ్చడి చెడితే ముక్కు పట్టేస్తుంది. అన్నంలో పుట్టే ఆ విషానికి వాసన లేదు. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండేలా చూసుకుని, అన్నాన్ని మర్నాటికే ముగించండి. పప్పూ కూరలూ రెండు మూడు రోజులు ఆగుతాయి. కొబ్బరి పడినవాటికి అంత ఓపిక ఉండదు.

పనిలో సాయం చేసే మనిషికి ఇవ్వాలనుకుంటే కూడా ఇదే లెక్క. ఆ రాత్రే, మనం తినేంత తాజాగా ఉన్నప్పుడే, శుభ్రమైన డబ్బాలో పెట్టి ఇవ్వాలి. మూడోనాడు మనకి తినబుద్ధి కానిదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టకూడదు.

అన్నం: పలుకుదా, ముద్దదా

మన వైపు చాలా ఇళ్ళల్లో ఉడికేది బీపీటీ బియ్యమే. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204 అది, సాంబ మసూరి అన్నా అదే. పాత బియ్యమైతే అన్నం చల్లారేకొద్దీ మెతుకులోని పిండిపదార్థం గట్టిపడి మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. కోతలయ్యాక సంక్రాంతి రోజుల్లో వచ్చే కొత్త బియ్యమైతే అదే బీపీటీ కూడా ముద్దకడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నాలుగు మెతుకుల్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. తునిగి విరిగితే పలుకన్నం, పేస్టులా వేలికి అంటితే ముద్దన్నం. ఇక్కడి నుంచి దారులు వేరు.

పలుకన్నానికి ముందు తోచేది పులిహోర. అందులోనూ చింతపండు పులిహోరా, నిమ్మకాయ పులిహోరా అన్నది చూసుకోవాలి. చల్లన్నానికి నా ఓటు నిమ్మకాయకే. చింతపండు పులిహోర రుచంతా వేడన్నంలో ఉంది. ఆవిరి పోతున్న మెతుకు మీద పసుపు, నూనె, ఉడికిన పులుసు పడితే లోపలికి ఇంకుతుంది, నానినకొద్దీ బాగుంటుంది. ఫ్రిజ్‌లో గట్టిపడిన మెతుకులోకి పులుసు అంతగా పోదు, పైపైన ఉండిపోతుంది. మొదటి ముద్ద పులుపు, రెండో ముద్ద చప్పన. నిమ్మరసానికి ఇంకాల్సిన పనే లేదు, మెతుకుకి పట్టుకుంటే చాలు. రెండు కప్పుల అన్నానికి రసమున్న కాయ ఒకటి. పొయ్యి కట్టేశాకే పిండాలి, మూకుడు సెగ మీద ఉండగా పిండితే చేదొస్తుంది. మామిడికాయలు వచ్చే రోజుల్లో అయితే నిమ్మకాయని కూడా పక్కన పెట్టి పుల్లటి కాయ కోరు వేయండి. కోరులో తడి ఉంటుంది కాబట్టి చల్లన్నం కాస్త మెత్తబడుతుంది కూడా.

తాలింపు అన్నం ఇంకో దారి. పులుపు పడనివాళ్ళకి, పొద్దున్నే ఆఫీసు డబ్బా కట్టాల్సినవాళ్ళకి ఇదే మంచిది. దీన్ని చులకనగా చూస్తాం గానీ సరిగ్గా చేస్తే ఇంతకన్నా కమ్మనిది లేదు. డబ్బాని తిరగేస్తే అన్నం డబ్బా ఆకారంలోనే గడ్డగా పడుతుంది. దాన్ని గరిటెతో పొడిచారంటే మెతుకులు తునిగిపోతాయి. చేతికి కొంచెం నూనె రాసుకుని, గడ్డని అరచేతిలోకి తీసుకుని వేళ్ళతో మెల్లగా విప్పాలి. మూకుడులో సెనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాక ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు, ఇంగువ. ఉల్లిపాయ ఉంటే సన్నగా. అన్నం వేశాక వెంటనే కలపొద్దు. చేత్తో రెండుసార్లు నీళ్ళు చిలకరించి, మూతపెట్టి, సన్నసెగన రెండు నిమిషాలు వదిలేయండి. ఆ ఆవిరికి గట్టిపడ్డ మెతుకు మళ్ళీ పొద్దుటి అన్నంలా అవుతుంది. అప్పుడు ఉప్పు వేసి కింది నుంచి పైకి తిరగేయాలి. దించే ముందు ఒక చెంచా కందిపొడి గానీ నల్లకారం గానీ చల్లితే పక్కన ఇంకేమీ అక్కర్లేదు.

గుడ్డు ఫ్రైడ్ రైస్ పిల్లలకి ఇష్టం, చల్లటి పలుకన్నం దానికి బాగా కుదురుతుంది కూడా. ఇంట్లో సోయా సాస్, వెనిగర్ వాడే అలవాటు ఉంటే చేసుకోండి. లేకపోతే ఒక్క పూట కోసం రెండు సీసాలు కొని ఫ్రిజ్ తలుపులో నెలల తరబడి ఉంచడం కంటే గుడ్డు కొట్టి పొరటులా చేసి మిరియాల పొడితో తాలింపు అన్నంలో కలిపేయడం నయం. రుచిలో పిల్లలు తేడా పట్టినా గిన్నె మాత్రం మిగల్చరు.

ముద్దన్నానికి వస్తే దద్ధోజనం, అన్నం అట్టు, వడియాలు. మిగిలింది కప్పో కప్పున్నరో అయితే దద్ధోజనం. కాచిన పాలు వేడిగా ఉండగానే పోసి మెత్తగా మెదిపి, చల్లారాక పెరుగు కలపాలి. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేస్తే మధ్యాహ్నం దాకా పులవదు. ఇంట్లో పుల్లటి మజ్జిగ కూడా ఉండిపోయిందనుకోండి, అన్నం అట్టు మేలు. రెండు మిగుళ్ళు ఒకేసారి తేలిపోతాయి. అన్నాన్ని ఆ మజ్జిగతోనే మిక్సీ పట్టి, గరిటె జారుగా అయ్యేదాకా బియ్యప్పిండి కలిపి, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి పెనం మీద కాస్త మందంగా పోయండి. సన్నసెగ, పైన మూత. తొందరపడి తిరగేస్తే విరుగుతుంది. అంచులు వాటంతటవే పెనాన్ని వదిలేదాకా ఆగాలి.

వడియాలు చుట్టాలు వచ్చి వెళ్ళాక గంపెడు మిగిలినప్పటి మాట. ఎండ తగినంత ఉండాలి, అది మనకి వేసవిలో కరువు లేదు. ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చితో రుబ్బి మేడ మీద తడిపిన గుడ్డ పరిచి పెట్టి, గలగలలాడేదాకా ఎండబెడితే ఏడాదంతా పప్పులోకి నంజుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు మాత్రం మొదలుపెట్టొద్దు. సగం ఎండిన వడియం బూజు పడుతుంది.

చద్దన్నాన్ని వీటితో కలిపి చెప్పకూడదు. బయట వదిలేసిన అన్నం, చద్దన్నం ఒకటి కావు. చద్దికి అన్నం వేడి పోగానే మునిగేలా నీళ్ళు పోసి, రెండు గరిటెల పుల్ల మజ్జిగ కలిపి పెడతారు. మజ్జిగలో ఉన్న పులిసే బ్యాక్టీరియా రాత్రికి రాత్రి పెరిగి పులుపు తెస్తుంది, ఆ పులుపులో చెడ్డవి ఎదగడం కష్టం. తెల్లారి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవకాయ బద్దతో తింటే ఎండలో తిరిగేవాళ్ళకి అంతకు మించిన టిఫిన్ లేదంటాను. రోహిణి కార్తెలో తొందరగా పులిసిపోతుంది, లేచిన వెంటనే తినేయాలి. పులుపు వాసన వస్తే మంచిదే. జిగురు సాగినా, రంగు మారినా, కుళ్ళు వాసన వచ్చినా పారబోయండి. చంటిపిల్లలకీ, గర్భిణులకీ, జబ్బుపడి లేచినవాళ్ళకీ ఇది వద్దు, వాళ్ళకి అప్పుడు వండిన అన్నంలో మజ్జిగ పోసి పెట్టండి.

గిన్నె అడుగున అట్ల పిండి: పునుగులా, పొంగనాలా, ఉల్లి అట్టా

మొదటి రోజు ఇడ్లీ, మర్నాడు అట్టు. ఆ మర్నాడు అడుగున మూడు గరిటెల పిండి, ఘాటుగా పులిసి ఉంటుంది. సాయంత్రం బండి దగ్గర పునుగులు తినే అలవాటున్న ఊళ్ళు మనవి, కాబట్టి మనసు ముందు అటే లాగుతుంది. అల్లం పచ్చడితో వేడి వేడి పునుగులు ఎవరికి చేదు? అయినా చేసే ముందు నూనె లెక్క చూసుకోండి.

కప్పు పిండికి పునుగులు వేయాలంటే మూకుడులో కనీసం పావు లీటరు నూనె పోయాలి. పిండి అయిపోతుంది, కాగిన నూనె మిగులుతుంది. పదే పదే కాచిన నూనెలో హానికర పదార్థాలు పెరుగుతాయి. వంటనూనెలో వాటి మోతాదు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి హోటళ్ళకి నిబంధన పెట్టింది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు, అందుకని నేను చెప్పేది ఇది: ఆ నూనెని వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకీ, వేపుడుకీ వాడేసే ఏర్పాటు ఉంటేనే పునుగులు వేయండి. దొండకాయో బెండకాయో వేపుడుకి సిద్ధంగా ఉందా, సరే. లేకపోతే అదే పిండిని పొంగనాల పెనంలో పోయండి. గుంతకి నాలుగు చుక్కల నూనె చాలు. పైన కరకర, లోపల మెత్తన, రుచిలో పెద్ద తేడా ఉండదు.

పునుగులే వేస్తానంటే పిండి గట్టిగా ఉండాలి. ఇడ్లీ పిండి సరిగ్గా సరిపోతుంది. అట్లకి జారుగా కలిపిన పిండి నూనె తాగేస్తుంది, దానికి బియ్యప్పిండి కలిపి గట్టిపరచాలి. నూనె కాగిందో లేదో ఒక చుక్క పిండి వేసి చూడండి. ఒక్క క్షణం అడుగుకి పోయి వెంటనే పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, పడీ పడగానే ఎర్రబడితే మరీ కాగింది. చేయి తడి చేసుకుని పిండిని వేళ్ళ చివరకి తీసుకుని, బొటనవేలితో నూనెకి దగ్గరగా తోసేయాలి. ఎత్తు నుంచి వేస్తే తోక వస్తుంది, ఆ తోక ముందే మాడి చేదవుతుంది.

మరీ పులిసిన పిండికి ఉల్లి అట్టే దిక్కు. గుప్పెడు బొంబాయి రవ్వ కలిపి పావుగంట నాననిస్తే పులుపు పలచబడుతుంది, పైన దట్టంగా చల్లిన ఉల్లిపాయ ఎర్రబడేసరికి దాని తీపి మిగతా పులుపుని సర్దేస్తుంది. పులుపు విరుగుతుందని వంట సోడా వేసేవాళ్ళున్నారు. నోట్లో సబ్బు రుచి తగులుతుంది, వద్దు.

మిగిలిన ఇడ్లీలకి పెద్ద చర్చ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో చల్లబడ్డవే ముక్కలుగా తెగుతాయి, వేడివి పొడైపోతాయి. ముక్కలు కోసి తాలింపులో ఎర్రగా దోరగా వేయించి కారప్పొడి, నెయ్యి వేయండి, పొడి చేసి ఉప్మా చేయడం కన్నా ఇది చాలా బాగుంటుంది. చపాతీలు కూడా అంతే. చింపి ఉల్లిపాయ, టమాటా తాలింపులో వేసి మగ్గించండి.

పప్పు: అందులో ఏముందో చూసి

ముద్దపప్పు మిగిలితే పప్పుచారు. చింతపండు రసం, నీళ్ళు పోసి, పచ్చిమిర్చి చీలికలు, ఉల్లిపాయ పాయలు వేసి మరిగిస్తే నలుగురికి వస్తుంది. తోటకూర పప్పు, పాలకూర పప్పు మిగిలితే చారుగా పలచన చేయొద్దు. ఆకు విడిపోయి తేలుతూ చూడ్డానికీ తినడానికీ బాగుండదు. గోధుమపిండిలో నీళ్ళకి బదులు ఆ పప్పునే వేసి కలిపి చపాతీలు వత్తండి. ఉప్పూ కారం అందులోనే ఉన్నాయి, కూర కూడా అక్కర్లేదు, పెరుగు చాలు. పప్పు వేసి కలిపిన పిండి మాత్రం ఆగదు, ఆ పూటే కాల్చేయాలి.

గోంగూర పప్పుని, మామిడికాయ పప్పుని అలాగే ఉండనివ్వండి. మర్నాటికి పులుపు సర్దుకుని ఇంకా బాగుంటాయి. ఊరమిరపకాయలు నాలుగు వేయించుకుంటే అదే కొత్త భోజనం. సాంబారుకి, మెత్తటి అన్నంలో కలిపి నెయ్యి వేసి సాంబారన్నం చేయడం తప్ప వేరే దారి వెతకడం నాకు దండగనిపిస్తుంది.

అరముక్క సొరకాయ, రెండు వంకాయలు, ఒక మునక్కాడ

రైతు బజారుకి వెళ్ళేది రేపనగా ఫ్రిజ్ కింది అరలో మిగిలేవి ఇవీ. 1999లో మొదలైన ఈ రైతు బజార్లు పటమటలోనూ, గుంటూరులోనూ ఎంతమందికి అలవాటయ్యాయో చెప్పక్కర్లేదు. చవకగా వస్తుందని సంచి నింపుకొస్తాం, వారం చివరకి రకానికొక ముక్క మిగులుతుంది. ఇక్కడ పోటీ రెండింటి మధ్యే: ముక్కల పులుసు, రోటి పచ్చడి. వెజిటబుల్ బిర్యానీ, కుర్మా లాంటివి నేను లెక్కలోకి తీసుకోను. వాటికి కావాల్సినవి తెచ్చేసరికి కొత్త మిగులు తయారవుతుంది.

తేల్చుకోవడం తేలిక. రకాలు ఎక్కువ ఉంటే పులుసు, ఒకే రకం కొంచెం ఉంటే పచ్చడి.

సొరకాయ, గుమ్మడి, మునక్కాడ, వంకాయ, చిలగడదుంప, ముల్లంగి, బెండకాయ, చిన్న ఉల్లిపాయలు, వీటిలో నాలుగు రకాలు చేతికొస్తే పులుసు పెట్టేయండి. చింతపండు, బెల్లం కలిసిన ఆ రసం దేన్నయినా తనలో కలుపుకుంటుంది. ఒక్కటే పట్టింపు, ముక్కలన్నీ ఒకేసారి వేయకూడదు. చిలగడదుంప, ముల్లంగి, మునక్కాడ ముందు. సొరకాయ, గుమ్మడి, వంకాయ సగం ఉడుకు పట్టాక. బెండకాయని విడిగా నూనెలో జిగురు పోయేలా వేయించి చివర్లో. చింతపండు రసం ముక్క మెత్తబడ్డాకే పోయాలి. పులుపు ముందే తగిలితే ముక్క బిర్రుగా ఉండిపోతుంది, ఎంత మరిగినా మెత్తబడదు. బెల్లం వేసి, చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోసి చిక్కబడనివ్వండి. కాకరకాయని ఇందులోకి రానివ్వొద్దు, చేదు మొత్తానికి పాకుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ వాసన కూడా పులుసుకి పడదు.

అదే ఒక్క బీరకాయో, అర దోసకాయో, నాలుగు దొండకాయలో, క్యాబేజీలో పావు వంతో మిగిలిందనుకోండి. కూర చేస్తే ఇద్దరికి కూడా రాదు. పచ్చడి చేస్తే నలుగురికి రెండు పూటలు, ఎందుకంటే దాన్ని చెంచాతో వేసుకుంటాం. మిగులు వంటలన్నిటిలో రోటి పచ్చడికి నేను పెద్దపీట వేసేది అందుకే. ముందు ఎండుమిర్చి, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, ఒక చెంచా నువ్వులు వేయించుకోండి. గుంటూరు మిర్చి అయితే ఘాటు చూసి వేయాలి, సన్నం రకం నాలుగు కాయలు వేసినా చాలినంత కారం వస్తుంది. తర్వాత అదే మూకుడులో ముక్కలు. ఇక్కడ తొందరపడకూడదు. ముక్క ముందు నీరు వదులుతుంది, మూకుడు నిండా తడి బుడగలు. ఆ తడి ఇంకి, నూనె మళ్ళీ అంచుల్లో కనపడి, చిటపట శబ్దం సన్నబడేదాకా వేయించాలి. తడి పోయిన పచ్చడి ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది, తడి ఉన్నది మర్నాటికే నీరొదిలి పాచిపోతుంది. చింతపండు, ఉప్పు, వెల్లుల్లి వేసి బరకగా నూరండి. రోలు లేకపోతే మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, పేస్టు చేస్తే రుచి సగం పోతుంది. దోసకాయ ముక్కలు మాత్రం పచ్చివే, నూరిన కారంలో చివర కలపాలి. చేదు లేదని ముందే కొరికి చూసుకోండి.

బీరకాయ చెక్కు, సొరకాయ చెక్కు కూడా ఇదే పద్ధతిలో పచ్చడవుతాయి. కొత్తిమీర కాడలు పారేయొద్దు, కాడలోనూ మంచి వాసన ఉంటుంది, చారులో వేయండి. కరివేపాకు వాడిపోతుంటే నీడన ఆరబెట్టి పొడి కొట్టుకోండి.

వడలినదానికీ చెడినదానికీ తేడా గుర్తుపెట్టుకోవాలి. వడలిన తోటకూర నీళ్ళలో వేస్తే లేస్తుంది, లేవకపోయినా పప్పులోకి పనికొస్తుంది. జిగురు పట్టింది పనికిరాదు. తొక్క పచ్చబడి మొలకలొచ్చిన బంగాళాదుంపలో విషపదార్థం చేరుతుంది, ఉడికించినా పోదు, పారేయండి.

పెరుగు, ఎంత పులిస్తే అంత

కొంచెం పులిస్తే పెరుగు పచ్చడి, బాగా పులిస్తే మజ్జిగ పులుసు, నోట పెట్టలేనంత పులిస్తే పైన చెప్పిన అన్నం అట్టులోకి. మజ్జిగ పులుసులో పైన మిగిలిన సొరకాయ కూడా పోతుంది, సెనగపిండి కలిపి సన్నసెగన తిప్పుతూ ఉంటే విరగదు. పెరుగు మీద గులాబీ రంగు గానీ, బూజు చుక్క గానీ కనపడితే పై పొర తీసేసి వాడటం కాదు, మొత్తం పారబోయాలి.

చేప, కోడి, రొయ్య

చేపల పులుసు మర్నాడే అసలు రుచి, కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా? దాన్ని ఇంకో వంటగా మార్చే ఆలోచనే పెట్టుకోవద్దు. తినేంత వరకే వేరే గిన్నెలోకి తీసి, గరిటె పెట్టకుండా గిన్నెనే కదుపుతూ ఆవిర్లు వచ్చేలా కాచండి. ఒకసారి కాచి చల్లార్చి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ కాచడం మాత్రం చేపకీ, మాంసానికీ, దేనికీ పనికిరాదు.

చికెన్ కూర మిగిలితే ముక్క ఒక దారి, గ్రేవీ ఒక దారి. ముక్కని ఎముక నుంచి విడదీసి కరివేపాకు, మిరియాలతో పొడిగా వేయిస్తే పప్పుచారులోకి నంజుడు. గ్రేవీ మర్నాటి అట్లలోకి. మళ్ళీ మరిగిస్తే ముక్క పీచు పీచు అయిపోతుంది కాబట్టి మొత్తంగా వేడి చేసి వడ్డించడం కన్నా ఇలా విడదీయడమే మేలు. ఆదివారం బయట నుంచి తెచ్చిన బిర్యానీ మిగిలితే నీళ్ళు చిలకరించి ఆవిరి మీద వేడి చేయండి. రొయ్యలు రెండోసారి వేడి తగిలితే రబ్బరులా సాగుతాయి, వాటిని ఆ రాత్రే పూర్తి చేయాలి.

కరెంటు పోతే ఏది ముందు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద కష్టం రాకపోయినా, గాలివానకి నాలుగైదు గంటలు పోవడం మామూలే. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల వరకు చల్లదనం పట్టి ఉంచుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా ఆగుతుంది. కాబట్టి ఏం పాడైందోనని మాటిమాటికీ తెరిచి చూడకండి.

నాలుగు గంటలు దగ్గరపడుతున్నా కరెంటు రాకపోతే ఒక్కసారి తెరిచి ఈ వరసలో బయటికి తీయండి. ముందు పచ్చి చికెన్, చేప, వాటిని వెంటనే వండేసి ఆ పూటే తినేయాలి. తర్వాత పాలు, కాచి తోడు పెట్టేస్తే పెరుగుగా నిలబడతాయి. ఆ తర్వాత అట్ల పిండి. వండిన అన్నం, కూరలు చల్లదనం ఉండగానే తినేయండి, నాలుగు గంటలు దాటి వెచ్చబడితే మొహమాటపడకుండా పారేయండి. కూరగాయలు, నిమ్మకాయలు, ఆవకాయ, పొడులు ఫ్రిజ్ లేకపోయినా ఉంటాయి. వాటిని చివరకి వదిలేసి ఆ పూటకి ముక్కల పులుసు పెట్టుకోవచ్చు, గ్యాస్ ఉంటే చాలు.